గయలో పేర్లు వదిలినవాడు

ఉదయగిరి బజారులో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే మల్లికార్జునం శెట్టి ఏ మనిషినీ తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలవడు. ఆ పేరును ఎన్నో వందల ఏళ్ళ కిందట చైనావాళ్ళు, వాళ్ళ దగ్గర్నుంచి జపానువాళ్ళు ఏం చేసుకున్నారో వెతికి పట్టుకొని ఆ పేరుతో పిలుస్తాడు. ఎదుటివాడు పలికితే సరే, లేకపోతే పలికేదాకా పిలుస్తాడు.

ఇదేం రోగమని అడిగితే ఒకటే జవాబు. "గయలో పేర్లు వదిలేసినాను."

ఆ మాటతో అడిగినవాడి నోరు మూతపడుతుంది. గయకు పోయినవాళ్ళు తమకిష్టమైనదేదో అక్కడ వదిలి, మళ్ళీ జన్మంతా ముట్టకూడదు. వదిలినదాన్ని తిరిగి పట్టుకోమని చెప్పే పాపం ఎవరు మూటగట్టుకుంటారు? లోకులు సాధారణంగా కాకరకాయో పనసపండో, అంటే ఎలాగూ తిననివి వదిలేసి పుణ్యం తెచ్చుకుంటారు. పేర్లు వదిలిన మొనగాడు మాత్రం పడమటి నెల్లూరు మొత్తానికి ఇతనొక్కడే.

ఈ వ్రతం వల్ల అందరికంటే ఎక్కువ మండిపోయినవాడు ఎదురంగడి నాగార్జున. వయసు ముప్పైకి దగ్గరపడింది. గ్రూప్స్ పరీక్ష మూడుసార్లు రాసి మూడుసార్లూ అంచుదాకా పోయి జారిపడ్డాడు. ఇప్పుడు తండ్రి ఎరువుల అంగట్లో యూరియా బస్తాల మధ్య కూర్చొని, దొరికిన పుస్తకమల్లా చదువుతూ, చదివిన ప్రతి పుస్తకంతోనూ లోకం మీద కోపాన్ని ఇంకో అంగుళం పెంచుకుంటున్నాడు. అలాంటివాడు పొద్దున్నే షట్టరెత్తగానే ఎదురుగా వినపడేది ఇదీ.

"ర్యూజూ, లేచినావా?"

"నా పేరు నాగార్జున, మామా."

"నేనన్నదీ అదే. నాగం వాళ్ళకు సరిగా తెలీదు, డ్రాగన్ అనుకున్నారు. అర్జునం అంటే మద్దిచెట్టు గదా, చెట్టు అనుకున్నారు. డ్రాగన్ చెట్టు, చైనాలో లుంగ్‌షు. అది సముద్రం దాటి జపానుకు పోయి ర్యూజు అయింది. నీ పేరుండే ఆచార్యుడికి ఆడ ఈ పొద్దుటికీ దణ్ణం పెడతారు."

"నేను ఆడ లేను. ఉదయగిరిలో ఉండాను."

"పేరు అన్ని దేశాలు తిరిగింది. నువ్వు నెల్లూరు దాటకపోతే దాని తప్పేముండాది?"

కోచింగుకు నెల్లూరు పోయిరావడం తప్ప ఇంకే ఊరూ ఎరగని నాగార్జునకు ఆ మాట టీ చల్లారేదాకా గొంతులో ఉండిపోయేది.

గయ కథ బజారులో అందరికీ కంఠతా వచ్చు. రెండేళ్ళ కిందట కార్తీకంలో తండ్రికి పిండం పెట్టడానికి మల్లికార్జునం భార్య వరలక్ష్మమ్మతో కలిసి ఆత్మకూరులో యాత్రల బస్సెక్కాడు. గయలో కార్యం సక్రమంగానే జరిగింది. ఆ తర్వాత బస్సు బుద్ధగయలో అరగంట ఆగింది. ఈయన ఒక జపాను గుడి ముందు చెప్పులు విడిచి లోపలికి పోయాడు. తిరిగొచ్చేసరికి చెప్పులున్నాయి, బస్సు లేదు. ముందు సీట్లో ఉన్న వరలక్ష్మమ్మ, మొగుడు వెనకెక్కడో కందిపప్పు గురించి ఎవరితోనో వాదిస్తున్నాడనుకొని కళ్ళు మూసుకుంది. కాశీలో దిగాక గాని మనిషి లేడని తేలలేదు.

"దారి పొడుగునా ఆయన గొంతు వినపడకపోతే నీకు అనుమానం రాలేదా వదినా?" అని అడిగినవాళ్ళకు ఆమె ఎప్పుడూ ఒకటే చెబుతుంది. "నలభై ఏళ్ళ కాపురంలో మొదటిసారి మంచి నిద్ర పట్టినాది. అనుమానం ఎందుకొస్తాది?"

నాలుగు రోజులు ఆ జపాను గుడి సత్రంలో ఉన్నాడు మల్లికార్జునం. అక్కడ హిందీ తెలిసిన ఒక ముసలి భిక్షువు దొరికాడు. ఈయన పప్పుల వ్యాపారంలో నేర్చుకున్న హిందీకి, ఆయన ధ్యానంలో మర్చిపోయిన హిందీకి జోడీ కుదిరింది. పేరేమిటని ఆయన అడిగాడు. మల్లికార్జునం చెప్పాడు. మల్లిక అన్న మాట విని భిక్షువు నవ్వి, చైనాలో మల్లెపువ్వును మోలి అంటారనీ ఆ మాట ఇక్కణ్ణుంచి పోయిందేననీ చెప్పాడు. అంతే. తన పేరులో సగం తనకంటే ముందే చైనా పోయిందని తెలిశాక మనిషి మనిషిలో లేడు. బస్సు పోయిన సంగతి కూడా మర్చిపోయి, రెండు వందల పేజీల నోటుబుక్కు కొనుక్కొని పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు.

"పేరును దేశం దాటించేదానికి రెండే దార్లు," అని ఆయన బేరానికొచ్చిన చిల్లర వ్యాపారులకు పాఠం చెప్పేవాడు. "చప్పుడు మోసుకుపోవచ్చు, లేకపోతే అర్థం మోసుకుపోవచ్చు. ఆనందుడనే శిష్యుణ్ణి చప్పుడుతోనే తీసుకుపోయి ఆనన్ అన్నారు. మన ర్యూజును అర్థంతో తీసుకుపోయినారు. రెండూ ఒకే ట్రిప్పులో మోసే బండి ఇంకా పుట్టలే."

"శెట్టీ, నా చింతపండు ఏ బండిలో వస్తాదో ముందు అది చెప్పు," అనేవాళ్ళు వాళ్ళు.

వరలక్ష్మమ్మ కిచిజోతెన్ అయింది. జపానులో లక్ష్మీదేవి పేరట అది. "పెళ్ళయినప్పట్నుంచి ఏమే అన్నాడు, పలికినాను. ఇప్పుడు కిచిజోతెన్ అంటాడు. అది పూర్తయ్యేలోపల పాలు పొంగిపోతా ఉండాయి," అని ఆమె గోడు. గుళ్ళో అర్చనకు పోయి గోత్రం చెప్పాక పేరు దగ్గర మల్లికార్జునం "కిచిజోతెన్ అనండి స్వామీ" అంటే అర్చకుడు పూలు పట్టుకొని చాలాసేపు ఆలోచించాడు.

"ఈ పేరుతో అర్చన చేస్తే ఫలం ఎవురికి పోతాదో నాకు తెలీదు శెట్టిగారూ. జపానుకు పోయిందంటే నన్ను అడగబాకండి."

ఇంటింటి సర్వేకు వచ్చిన దేవకమ్మ పరిస్థితి ఇంకా ఘోరం. ఇంటి యజమాని పేరని అడిగింది. "మోలిషు," అన్నాడు, తన మల్లెనూ మద్దిచెట్టునూ కలిపి. ఇంకా ఎవరున్నారని అడిగింది. "కిచిజోతెన్," అన్నాడు. దేవకమ్మ ట్యాబు లోకి చూసి, ఆయన పంచె వంక చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఎప్పుడు వలస వచ్చినారు? దానికి ఇంకో కాలమ్ నింపాల."

ఇక హమాలీ సుబ్బన్న. బజారులో అంతకంటే నిదానమైన మనిషి లేడు. బస్తా ఎత్తుకొని లారీ దగ్గర్నుంచి అంగట్లోకి వచ్చేలోపల పప్పు ధర మారిపోతుందని చెప్పుకుంటారు. సుబ్బన్న అంటే సుబ్రహ్మణ్యస్వామి, సుబ్రహ్మణ్యస్వామి అంటే స్కందుడు, స్కందుడు జపానులో ఇదాతెన్. అక్కడ ఇదాతెన్ అంటే పరుగుకు పెట్టింది పేరు. పిల్లలు పందెంలో గెలిస్తే ఇదాతెన్ అంటారట. ఆ పేరు మల్లికార్జునం ఈ సుబ్బన్నకు తగిలించాడు. ఒకరోజు కోటవీధి మలుపులో తాడు తెంచుకున్న ఎద్దొకటి సుబ్బన్న వెనక పడింది. అంగట్లోంచి ఈయన గొంతు చించుకొని "ఇదాతెన్, ఎద్దు! ఇదాతెన్, వెనక!" అని అరుస్తున్నాడు. సుబ్బన్న కదల్లేదు. విసుగెత్తిన ఎద్దే పక్కకు తప్పుకొని పోయింది.

"ఇదాతెన్ అంటే నేనేనని గుర్తొచ్చేలోపల అది పోయినాది శెట్టీ," అన్నాడు సుబ్బన్న. "పేరు పెట్టి పిలిచుంటే భయంతో పరిగెత్తి పడుండేవాణ్ణి. ఒక రకంగా మంచిదే."

అందరికీ ఇలా డ్రాగన్లూ చెట్లూ పరుగులూ వస్తే, మల్లికార్జునం అంగట్లో బిల్లులు కొట్టే పిల్లకు మాత్రం ఏకంగా స్వర్గం వచ్చింది. ఆ పిల్లది దుత్తలూరు పక్క పల్లె. తండ్రి ఆదెయ్య గొర్రెలు మేపుతాడు. వరసగా ముగ్గురు ఆడపిల్లలు పుట్టాక నాలుగోది కూడా ఆడపిల్లే అయ్యేసరికి, అవ్వ ఆదిశేషమ్మ మంచం మీంచి లేవకుండానే "చాలమ్మ అని పెట్టండి, ఇంక పుట్టదు" అంది. తర్వాత మగపిల్లాడు పుట్టాడు. తన పేరు పనిచేసిందని అవ్వ పోయేదాకా గొప్పగా చెప్పుకుంది. ఆ పనిచేసిన పేరును ఇరవై మూడేళ్ళుగా మోస్తున్నది మాత్రం ఆ పిల్ల.

మల్లికార్జునం ఆమెను తొసొత్సు అన్నాడు. రాబోయే బుద్ధుడు దిగి వచ్చేదాకా కూర్చొని ఎదురుచూసే లోకం ఒకటుంది, తుషితం. దాన్ని చైనావాళ్ళు రెండు దార్లలోనూ రాసుకున్నారు. చప్పుడుతో రాసినది జపానులో తొసొత్సు అయింది. అర్థంతో రాసినది, చాలునని ఎరిగినవాళ్ళ లోకం. నోరు తిరగక బజారు జనం తుషిత అని మొదలుపెట్టారు. మల్లికార్జునం ఆ ఒక్కదాన్నీ ఆమోదించాడు. ఏడాది తిరిగేసరికి ర్యూజును ర్యూజు అనేది మల్లికార్జునం ఒక్కడే, ఇదాతెన్‌ను ఇదాతెన్ అనేదీ ఆయనొక్కడే. తుషితను మాత్రం ఊరంతా తుషిత అనేది.

"నాకేమో పాము చెట్టు. ఆ పిల్లకు స్వర్గమా?" అని నాగార్జున అక్కసు.

"స్వర్గం ఊరికే రాదు ర్యూజూ. ముందర మోయాల."

ఈయన్ను ఓడించాలంటే ఈయన గోదాలోనే దిగాలని నాగార్జున నిశ్చయించుకున్నాడు. రెండు నెలలు ఫోనులో దొరికిందల్లా చదివాడు. చివరికి ఆయుధం దొరికింది. ఒక మధ్యాహ్నం గిరాకీ లేని వేళ చూసుకొని వీధి దాటాడు.

"మామా, నీ వ్రతానికి చట్టమే ఒప్పుకోదు. అన్ని మాటల్నీ మార్చకూడదని, ఐదు రకాలు ఉన్నవి ఉన్నట్టే వదిలేయాలని, మన దేశం వచ్చిపోయిన చైనా భిక్షువే చెప్పినాడు. ఒకటి, మంత్రాలు. రెండు, ఒకే మాటలో పది అర్థాలుండేవి. మూడు, వాళ్ళ దేశంలో లేనివి, మన నేరేడుచెట్టు మాదిరి. నాలుగు, పాతకాలం నుంచి అట్టనే పలుకుతా వచ్చినవి. ఐదు, మారిస్తే తేలికైపోయేవి. వాటిని గౌరవం కోసం తాకకూడదు."

మల్లికార్జునం గల్లా పెట్టె ముందునుంచి లేచి నిలబడ్డాడు. ముఖమంతా వెలిగిపోయింది.

"తొసొత్సూ, ర్యూజుకు బెల్లం పెట్టమ్మా. ఉదయగిరిలో ఒకడు చదివినాడు." తర్వాత నాగార్జున భుజం పట్టుకొని, "నీ అంగట్లో యూరియా ఉండాది గదా, దాన్ని మన రైతులు తెలుగు ఎందుకు చెయ్యలే? మన పొలాల్లో లేనిది గాబట్టి. మూడో రకం. ఇన్నాళ్ళూ నా ఎదురుగానే ఉండాది, నాకు తట్టలే చూడు," అన్నాడు.

రెండు నెలలు నూరుకున్న కత్తి బెల్లం ముక్కలో దిగిపోయింది. అయినా నాగార్జున వదల్లేదు.

"అట్టయితే నా పేరు ఐదో రకం. గౌరవం కోసం నాగార్జున అనే పిలువు."

"గౌరవం అడిగితే వచ్చేది కాదు అబ్బయా. నువ్వింకా పండాల."

నాగార్జునకు ఒళ్ళు మండింది. అక్కడే సుబ్బన్న, బోర్డులు రాసే శీనయ్య సాక్షులుగా పందెం వేశాడు. ఉగాదిలోపల మల్లికార్జునం చేత నలుగురి ముందర ఒక మనిషి అసలు పేరు పలికిస్తాడు. పలికిస్తే మల్లికార్జునం అతణ్ణి జన్మంతా నాగార్జున అనే పిలవాలి. పలికించలేకపోతే నాగార్జున తన అంగడి బోర్డు తీసేసి 'ర్యూజు ఎరువులు' అని రాయించుకోవాలి. బజారంతా ఆ రోజు నుంచి శీనయ్యను చూసినప్పుడల్లా రంగు కలిపావా అని అడగడం మొదలుపెట్టింది.

అవకాశం తనంతట తానే వచ్చింది. అంగళ్ళలో పనిచేస్తూ దూరవిద్యలో డిగ్రీ పాసైనవాళ్ళకు వర్తక సంఘం ఆత్మకూరు కల్యాణమండపంలో ప్రశంసాపత్రం, శాలువా ఇస్తుందని తెలిసింది. ఈసారి ఉదయగిరి నుంచి పాసైనది ఆ పిల్ల ఒక్కతే. మైకు దగ్గర వ్యాఖ్యానం చేసేది నాగార్జున. మూడుసార్లు ఇంటర్వ్యూకు తయారైన గొంతు కదా, దానికి ఇంకే పనీ దొరకలేదు. అతను సంఘం అధ్యక్షుడి చెవిలో ఒక మాట వేశాడు. పత్రం ఇచ్చేది పనిచ్చిన యజమానే కావాలి. పేరు చదివేదీ ఆయనే కావాలి. పత్రం మీద ఉన్నది ఉన్నట్టు చదవకపోతే సంఘం పుస్తకంలో ఎక్కదు. అధ్యక్షుడికి రూలు అనే మాట వినపడితే చాలు, ఆనందంగా ఒప్పేసుకున్నాడు.

సభకు ముందురోజు ఆ పిల్ల వీధి దాటి ఎరువుల అంగట్లోకి వచ్చింది.

"అన్నా, రేపు మైకులో పేరు చదవకుండా పత్రం చేతికి ఇచ్చేస్తే సరిపోదా?"

"రూలుండాది."

"మూడొందల మంది ఉంటారు. మా నాయన గూడా గొర్రెల్ని పక్కింటోళ్ళకు అప్పజెప్పి వస్తా ఉండాడు." ఆమె బస్తా మీద పురికొస పీకుతూ నిలబడింది. "ఆ పేరు మైకులో వచ్చి అందరూ నవ్వినారంటే నేను ఇంక ఈ బజారుకు రాలేనన్నా. పత్రం గూడా వద్దులే అనిపిస్తా ఉండాది."

నాగార్జున బిల్లుల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "ఒక్క నిమిషం పని. నవ్వితే నవ్వినారు. నన్ను చూసి రెండేళ్ళ నుంచి నవ్వట్లేదా?"

ఆమె పురికొస వదిలేసి వీధి దాటి పోయింది.

మర్నాడు ఆత్మకూరులో అధ్యక్షుడు నెల్లూరు నుంచి రావడం ఆలస్యమైంది. వర్తకులు దేనినైనా ఓర్చుకుంటారు గాని ఆకలిని ఓర్చుకోరు కాబట్టి సభకంటే ముందు భోజనాలు కానిచ్చారు. నాగార్జున విస్తరి ముందు కూర్చునేసరికి ఒక పక్కన మల్లికార్జునం, ఇంకో పక్కన వరలక్ష్మమ్మ ఉన్నారు. వడ్డించేవాడు గరిటెతో సొరకాయ పులుసు తెచ్చాడు. మల్లికార్జునం విస్తరికి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"వద్దు నాయనా. గయలో వదిలినాను."

తిని చెయ్యి కడుక్కోవడానికి మల్లికార్జునం లేచిపోయాక గాని ఆ మాట నాగార్జున చెవికి ఎక్కలేదు. ఎక్కగానే ముద్ద ఆగిపోయింది.

"అత్తా, మామ గయలో వదిలింది పేర్లు గదా. మధ్యలో సొరకాయ ఎక్కడ్నుంచి వచ్చినాది?"

వరలక్ష్మమ్మ పెరుగు కలుపుతూ అలాగే చెప్పేసింది. "ఆడ వదిలేది మూడేరా. ఒక కాయ, ఒక పండు, ఒక ఆకు. ఈయన సొరకాయ, సీతాఫలం, తోటకూర వదిలినాడు. నేను పక్కనే ఉండాను గదా. పేర్లు వదుల్తానంటే ఆ పంతులు ఒప్పుకుంటాడా?"

"మరి?"

ఆమె అటూ ఇటూ చూసింది. రెండేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట కావడంతో అడిగినవాడు దొరికినందుకు ఆమెకే సంతోషంగా ఉన్నట్టుంది.

"గయ నుంచి వచ్చినాక పది దినాలు అందర్నీ శుభ్రంగా పేర్లు పెట్టే పిలిచినాడు. సమారాధనకు మీ ఇంటికి పిలుపుకొచ్చి, నాగార్జునా నువ్వు గూడా రావాల అనలేదా?"

అన్నాడు. నాగార్జునకు ఇప్పుడు గుర్తొచ్చింది. లోకానికి పిచ్చి గుర్తుంటుంది గాని పిచ్చికి ముందు పది దినాలు ఎవరికి గుర్తుంటాయి?

"తర్వాత ఆ పిల్ల పనిలో చేరింది. చేరిన పొద్దే సాయంత్రం ఏడుస్తా ఇంటికొచ్చి, రేపట్నుంచి రాను శెట్టిగారూ అనింది. వాళ్ళ నాయన సద్ది ఇచ్చిపోదామని వచ్చి వీధిలోనుంచి పేరు పెట్టి పిలిచినాడంట. ఎదురుగా ఎవురో, పది మంది రైతుల ముందర, ఈమె చాలమ్మ అయితే ఇంట్లో వద్దమ్మ గూడా ఉండాదా అన్నాడంట. అందరూ నవ్వినారంట. ఈయన ఆమెను సముదాయించి పంపించి, నోటుబుక్కు ముందరేసుకొని కూర్చున్నాడు. పొద్దున లేచి నన్ను కిచిజోతెన్ అన్నాడు. జ్వరమేమోనని నుదురు పట్టుకొని చూసినాను."

"ఏమన్నాడు?"

"ఆ పిల్ల ఒక్కదాని పేరు మారిస్తే జాలిపడినట్టు తెలిసిపోతాదే, అందరి పేర్లూ మారిస్తే నాకు పిచ్చి అనుకొని పోతారు అన్నాడు. గయ మాట అయితే ఎవురూ ఎదురు చెప్పరంట. ఎవురితోనూ అనబాకరా."

నాగార్జున విస్తరి వైపు చూశాడు. ఆ పిల్ల పనిలో చేరిన రోజు, తనకు మూడోసారి ఫలితాలు వచ్చిన రోజు. పొద్దున్నే తన నంబరు లేదని చూసుకొని అంగట్లో కూర్చున్నాడు. వీధిలో ఎవరో గొర్రెల మనిషి గట్టిగా ఏదో పేరు పిలిచాడు. తను ఏదో అన్నాడు. రైతులు నవ్వారు. ఆ నవ్వుకు తన మనసు ఒక నిమిషం తేలికైంది. అంతే, మర్చిపోయాడు.

"ఆ అన్నవాడు ఎవురో మామకు తెలుసా అత్తా?"

"తెలుసు. నేను ఎంత అడిగినా చెప్పలే. వాడికీ ఆ పొద్దు ఏదో బాగలేదులే అన్నాడు. పెరుగు పోయించుకో, నీ ముఖమేంది అట్టయినాది?"

సభ మొదలైంది. వేదిక మీద అధ్యక్షుడి పక్కన మల్లికార్జునం పత్రం పట్టుకొని నిలబడ్డాడు. పందెం సంగతి ఆత్మకూరు దాకా పాకిపోయింది కాబట్టి మూడు వందల మందీ కుర్చీల్లో ముందుకు జరిగి కూర్చున్నారు. మూడో వరసలో ఆ పిల్ల తల వంచుకొని ఉంది. పక్కన ఆదెయ్య తెల్లచొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకొని, కూతురి వంకా వేదిక వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

మల్లికార్జునం మైకు ముందు గొంతు సవరించుకున్నాడు. పత్రంలోకి చూశాడు. అద్దాలు తీసి తుడిచాడు. మళ్ళీ చూశాడు.

"పేరు చదవయ్యా శెట్టీ," అన్నాడు అధ్యక్షుడు. "ఉండేది ఉండేట్టు చదవాల. జపాను భాష మీ అంగట్లో పెట్టుకో. ఈడ రూలు."

హాలు పెద్దగా నవ్వింది. మల్లికార్జునం పత్రాన్ని మెల్లగా మడవబోయాడు.

అంతలో నాగార్జున రెండు అడుగులు వేసి ఆయన చేతిలోంచి పత్రం, ముందునుంచి మైకు రెండూ తీసేసుకున్నాడు.

"కుమారి తొసొత్సు," అని చదివాడు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా పలకని ఆ పేరు అతని నోట్లో ఎక్కడా తట్టుకోలేదు. "ఉదయగిరి. బీకాం, ఫస్ట్ క్లాస్."

"ఇదెక్కడి పేరు? రూలు నువ్వే గదా చెప్పినావు?" అధ్యక్షుడు లేచాడు.

"రూలు ఇంకొకటి గూడా ఉండాది సార్. పేర్లను తాకకూడని సందర్భాలు ఐదు. ఒకటి, మంత్రాలు. రెండు, అనేకార్థాలు." నాగార్జున ఊపిరి తీసుకోకుండా ఐదూ చెప్పాడు. వేళ్ళు మడుస్తూ, ఉదాహరణలతో, నేరేడుచెట్టుతో సహా చెప్పాడు. గ్రూప్స్‌లో ఈ ఒక్క ప్రశ్న వచ్చి ఉంటే ఈపాటికి ఏదో ఒక మండలాన్ని పీడిస్తూ ఉండేవాడు. "ఐదోది, గౌరవం. ఈ పేరు ఐదో రకం. దీన్ని ఇట్టనే చదవాల. పందెంలో నేను ఓడిపోయినాను. శీనన్నా, రంగు కలుపుకో."

ఏమీ అర్థం కాకపోయినా అంత ధాటిగా చెప్పినదాన్ని కాదనడం పెద్దరికం కాదని అధ్యక్షుడు కూర్చున్నాడు. మూడో వరసలో ఆదెయ్య పక్కవాణ్ణి అడుగుతున్నాడు. "ఎవురంట? ఎవురిని పిలిచినారు?"

"నీ కూతుర్నే పెద్దాయనా."

ఆ పిల్ల వేదిక ఎక్కింది. అప్పుడు తేలింది శాలువా లేదని. అది సామాన్లు తెచ్చిన లారీలోనే ఉండిపోయింది. మల్లికార్జునం అలవాటుగా అరిచాడు.

"ఇదాతెన్, శాలువా!"

సుబ్బన్న పరిగెత్తాడు. చూసినవాళ్ళు ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతారు, పంచె ఎగ్గట్టి, చెప్పులు వదిలేసి, కుర్చీల మధ్యనుంచి పరిగెత్తి పోయి పరిగెత్తి వచ్చాడు. పత్రానికి కొట్టిన చప్పట్లకంటే దానికే ఎక్కువ కొట్టారు.

శాలువా కప్పుకున్నాక ఆ పిల్ల నాగార్జున చేతిలోంచి మైకు అడిగి తీసుకుంది. "మా అవ్వ పెట్టిన పేరు చాలమ్మ. శెట్టిగారు పెట్టింది తొసొత్సు. సంఘం పుస్తకంలో రెండూ రాసుకోండి," అంది. ఎవరూ నవ్వలేదు. సంఘం గుమాస్తా ఒక్కడే పెన్ను ఆపి, రెండోది ఇంకోసారి నిదానంగా చెప్పమ్మా అన్నాడు.

తిరుగు బస్సులో నాగార్జున మల్లికార్జునం పక్క సీట్లో కూర్చున్నాడు. వింజమూరులో బస్సు ఆగాక మాట మొదలుపెట్టాడు.

"మామా, ఆ పొద్దు ఎదురంగట్లోనుంచి అన్నది..."

"ఏ పొద్దు?"

"ఆ పిల్ల చేరిన పొద్దు."

"నాకు జ్ఞాపకం లేదు ర్యూజూ. వయసైపోయినాది." మల్లికార్జునం కిటికీ వైపు తిరిగాడు. అటు చూస్తూనే అన్నాడు. "ఎవురో ఏదో అనకపోయుంటే నా నోటుబుక్కు అటకెక్కి ఉండేది. నాకు లాభమే వచ్చింది."

వారం తిరక్కుండా శీనయ్య బోర్డు రాశాడు. 'ర్యూజు ఎరువులు, పురుగుమందులు.' ఖాళీ ఉందని పక్కన ఆకుపచ్చ డ్రాగన్ కూడా వేశాడు. అది ఉడుములా వచ్చింది. నాగార్జున సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాడు గాని కలువాయి నుంచి కూడా రైతులు రావడం మొదలైంది. "జపాను కంపెనీ అంట గదా, ఆ మందు ఒక డబ్బా ఇయ్యి," అని అడుగుతున్నారు. కాదని ఎంత చెప్పినా వినకుండా, ఉన్న మందే తీసుకొని, ఈసారి బాగా పనిచేసిందని వచ్చి మరీ చెబుతున్నారు.

ఒక పొద్దున బజారులో ఇంకా ఎవరూ షట్టర్లు ఎత్తలేదు. నాగార్జున అంగడి ముందు నీళ్ళు చల్లుతున్నాడు. మల్లికార్జునం టీ గ్లాసుతో వీధి దాటి వచ్చి, బోర్డు కింద నిలబడి, ఉడుమును తోకదాకా చూశాడు.

"బాగుండాది, నాగార్జునా," అన్నాడు.

నాగార్జున చేతిలో చెంబు ఆగిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మామా, గయలో వదిలింది?"

"ఏం, ఇప్పుడు నేనేమన్నా సొరకాయ తిన్నానా?" అని మల్లికార్జునం టీ ఊదుకుంటూ వెనక్కి పోయాడు.